ల్యాప్‌టాప్ రిపేరు నేర్చుకుందాం – 3: చిన్న లైటు కూడా రానప్పుడు

కిందటి పాఠంలో ల్యాప్‌టాప్ ఎక్కడ ఆగిపోయిందో మూడు రకాలుగా విడదీశాం. బటన్ నొక్కినా ఏ లైటూ రానిది ఒకటి. లైటు వచ్చి తెర నల్లగా ఉండిపోయేది రెండోది. కంపెనీ పేరు చూపించి విండోస్ దగ్గర నిలిచిపోయేది మూడోది. ఈ పాఠం మొదటి రకానికే. తెచ్చినవాళ్ళు మాత్రం మూడింటికీ ఒకటే చెబుతారు: "అన్నా, ఇది ఆన్ కావట్లేదు." కాబట్టి మీరే బటన్ నొక్కి ఛార్జింగ్ లైటు, క్యాప్స్ లాక్ లైటు, ఫ్యాన్ చప్పుడు మూడూ లేవని తేల్చుకున్నాకే ముందుకు రండి.

ఇక్కడ ఒకటే నియమం: కొలవకుండా ఏ పార్టూ మార్చొద్దు. గోడ సాకెట్ నుంచి లోపలి ప్రధాన బోర్డు, అంటే మదర్‌బోర్డు దాకా కరెంటు వచ్చే దారిలో ఒక్కో చోటా మల్టీమీటరు (వోల్టేజి కొలిచే మీటరు) పెట్టుకుంటూ పోతే, ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది.

అడాప్టర్

ముందు అడాప్టర్ మీద చీటీ చదవండి. మామూలు 65 వాట్ల దాని మీద అవుట్‌పుట్ 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటుంది. కొన్ని 19, కొన్ని 20 వోల్టులవి. మల్టీమీటర్‌ను డీసీ 200 రేంజిలో పెట్టండి. చాలామంది 20 రేంజిలో పెట్టేస్తారు. అప్పుడు 20 వోల్టుల అడాప్టర్ బాగానే ఉన్నా మీటరు హద్దు దాటి ఎడమవైపు "1" ఒక్కటే చూపిస్తుంది, అడాప్టర్ పోయిందని పక్కన పడేస్తారు. ఎర్ర ప్రోబ్ (మీటరుకు గుచ్చే కొలత తీగ) 10 ఆంపియర్ల రంధ్రంలో ఉందేమో కూడా చూసుకోండి. అందులో ఉంచి వోల్టేజి కొలిస్తే అడాప్టర్‌ను నేరుగా షార్ట్ చేసినట్టే.

గుండ్రటి పిన్నుకు లోపలి గొట్టం ప్లస్, బయటి గొట్టం మైనస్. డెల్, హెచ్‌పీ పిన్నుల మధ్యలో ఉండే సన్నటి సూదిలాంటిది కరెంటు కోసం కాదు. అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పడానికి ఉంది. ప్రోబ్ దాని మీద పెట్టి "వోల్టేజి లేదు" అనుకోవద్దు. ఆ సూది విరిగితే ఛార్జింగ్ ఎక్కదు, మెషిన్ నెమ్మదిస్తుంది. అంతేగాని పూర్తిగా చచ్చినట్టు పడి ఉండదు.

చీటీలో రాసినదానికి దగ్గరగా వోల్టేజి వచ్చిందా, ఇప్పుడు అసలు పరీక్ష. అడాప్టర్‌కు లైటుంటే దాన్నే చూస్తూ పిన్ను ల్యాప్‌టాప్‌లో పెట్టండి. పెట్టగానే లైటు ఆరిపోతే, లేదా టపటపా కొట్టుకుంటే, లోపల ఎక్కడో షార్ట్ ఉంది. అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. గోడ నుంచి తీసి రెండు నిమిషాలాగి పెడితే అది మళ్ళీ పనిచేస్తుంది. తప్పు దానిది కాదు, ల్యాప్‌టాప్‌ది. ఇంకో మంచి అడాప్టర్‌తోనూ అదే జరిగితే ఇక అనుమానం అక్కర్లేదు.

యూఎస్‌బీ-సీ ఛార్జర్లకు ఈ లెక్క పనికిరాదు. ల్యాప్‌టాప్‌తో మాట్లాడుకుని ఒప్పందం కుదిరేదాకా అవి 5 వోల్టులకు మించి ఇవ్వవు. ఖాళీ వైరు చివర కొన్నిటికి అదీ ఉండదు. వీటికి మధ్యలో పెట్టే యూఎస్‌బీ-సీ టెస్టర్ కొనుక్కోండి. ల్యాప్‌టాప్‌కు పెట్టగానే అందులో 5 నుంచి 20కి ఎక్కాలి. 5 దగ్గరే ఉండిపోతే ముందు కేబుల్, తర్వాత ఛార్జర్ మార్చి చూసి, ఆ తర్వాతే పోర్టును అనుమానించండి. ఫోన్ ఛార్జర్ పెట్టి తెచ్చేవాళ్ళూ ఉంటారు, అది అడగడం మరవద్దు.

మన కోస్తా జిల్లాల్లో అడాప్టర్లు పోవడానికి అసలు కారణం ఒకటి తెలిసి ఉండాలి. 100 నుంచి 240 వోల్టుల దాకా అడాప్టర్ తట్టుకుంటుంది కాబట్టి లో వోల్టేజి దాన్నేం చెయ్యదు, దానికోసం స్టెబిలైజర్ కొనడం వృథా. చంపేది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఊడిపోవడం. కొత్తపట్నం, అల్లూరు వైపు రొయ్యల చెరువుల షెడ్లలో, నీళ్ళకు గాలి ఆడించే ఏరియేటర్ల త్రీఫేజ్ లైను నుంచే ఒక సాకెట్ లాగి ల్యాప్‌టాప్ పెట్టుకుంటారు. అక్కడ న్యూట్రల్ వదులైతే ఆ సాకెట్‌లో వోల్టేజి 400 దగ్గరకు కూడా పోవచ్చు. అడాప్టర్‌లోని పెద్ద కెపాసిటర్ ఉబ్బుతుంది, ఫ్యూజు పోతుంది. అలాంటి చోట నుంచి వచ్చిన అడాప్టర్‌ను మార్చి పంపితే సరిపోదు, న్యూట్రల్ బిగించమని గట్టిగా చెప్పాలి. లేకపోతే కొత్తదీ అంతే.

జాక్

జాక్ అంటే ల్యాప్‌టాప్‌లో అడాప్టర్ పిన్ను దూరే చోటు. పిన్ను పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడించండి. ఒక కోణంలో లైటు వచ్చి పోతే జాక్ వదులు. టార్చి వేసి లోపలికి చూడండి. సముద్రం ఒడ్డు ఊళ్ళ మెషిన్లలో జాక్ లోపలి రేకుల మీద ఆకుపచ్చని, తెల్లని పొర కనిపిస్తుంది. అది ఉప్పుగాలి చేసిన పని. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ చూడండి. నల్లగా కాలి, ప్లాస్టిక్ కరిగి ఉంటే మాత్రం శుభ్రం చేసి లాభం లేదు, మార్చాల్సిందే. చాలా మోడళ్ళలో జాక్ చిన్న వైరుతో బోర్డుకు కనెక్టర్ ద్వారా ఉంటుంది. అలాంటిదైతే సోల్డరింగ్ లేకుండానే మారిపోతుంది.

చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము సంగతి వేరు. అది ఫ్యాన్‌ను పట్టేసి నడిచే మెషిన్‌ను వేడెక్కించి ఆపుతుంది. దాన్ని ఫ్యాన్ పాఠంలో చూద్దాం.

బ్యాటరీ తీసి చూడటం

కరెంటు ఎగుడుదిగుడులకు బోర్డు మీద పవర్ చూసుకునే చిన్న చిప్పు ఒక్కోసారి బిగుసుకుపోతుంది. అడాప్టర్ తీసి, బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత అడాప్టర్ ఒక్కటే పెట్టి ఆన్ చెయ్యండి. లోపలి బ్యాటరీ అయితే కింది మూత తెరవాలి. స్క్రూలు ఏ రంధ్రంవి ఆ వరుసలోనే కాగితం మీద పెట్టుకోండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డును గుచ్చేస్తుంది. మూత తియ్యగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. వైర్లు పట్టి లాగకుండా, ప్లాస్టిక్ పుల్లతో కనెక్టర్‌ను రెండు చివర్లా కొంచెం కొంచెంగా జరపండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే నొక్కొద్దు, గుచ్చొద్దు, మళ్ళీ పెట్టొద్దు.

బ్యాటరీ లేకుండా ఆన్ అయి, బ్యాటరీ పెడితే మళ్ళీ లేవకపోతే తప్పు బ్యాటరీది. ఊడదీసిన బ్యాటరీ కొనల్లో 0 వోల్టులు చూపించినంత మాత్రాన పోయిందని తీర్మానించకండి. చాలా ప్యాకులు ల్యాప్‌టాప్ అడిగేదాకా బయటికి కరెంటు వదలవు.

ఇప్పటికీ కదలకపోతే పవర్ బటన్ చూడండి. కొన్ని మోడళ్ళలో బటన్ కీబోర్డులోనే కలిసి ఉంటుంది. టీ ఒలికి కీబోర్డు పాడైతే బటనూ పోతుంది, బోర్డు మాత్రం బాగానే ఉండొచ్చు. నీళ్ళు పడ్డ మెషిన్‌ను "ఒకసారి చూద్దాం" అని ఆన్ చెయ్యనివ్వకండి. బియ్యంలో పెట్టడం కూడా వద్దు, ఆ రెండు రోజుల్లో లోపలి తేమ రాగిని తినేస్తూనే ఉంటుంది. బ్యాటరీ తీసి, బోర్డు విప్పి ఆల్కహాల్‌తో కడగాలి.

చివరగా, బ్యాటరీ ఊడదీసి ఉండగా అడాప్టర్ పెట్టి, జాక్ వైరు బోర్డుకు తగిలే చోట కొలవండి. నల్ల ప్రోబ్ స్క్రూ రంధ్రం చుట్టూ ఉన్న లోహం మీద, ఎర్రది ప్లస్ కొన మీద. పక్క పిన్నుకు తగలనివ్వకండి. అడాప్టర్ ఆగిపోకుండా ఉండీ అక్కడ 19 రాకపోతే జాక్ వైరు మార్చండి. 19 వచ్చీ మెషిన్ లేవకపోతే లోపం బోర్డులోనే ఉంది. స్టాండ్‌బై (బటన్ నొక్కకముందే బోర్డులో ఉండాల్సిన) 3.3, 5 వోల్టులు వెతకడం, షార్టైన కెపాసిటర్ పట్టడం ఎనిమిదో పాఠంలో వస్తాయి. అప్పటిదాకా బోర్డు మీద వేడిగాలి పెట్టకండి.

వచ్చే పాఠం లైటు వెలిగి తెర రాని మెషిన్ల గురించి. ఒక పాత ర్యామ్, మెత్తటి పెన్సిల్ రబ్బరు, హెచ్‌డీఎంఐ వైరు దగ్గర పెట్టుకోండి.