హ్యాంక్ మాబ్లీని ఎలా వినాలి

మా పర్లాకిమిడిలో శాక్సఫోన్ అంటే పెళ్లి ఊరేగింపు బ్యాండే గుర్తొస్తుంది. ఆ జోరు కోసం చూస్తే అమెరికన్ జాజ్ శాక్సఫోన్ కళాకారుడు హ్యాంక్ మాబ్లీ చప్పగా అనిపిస్తాడు. ఈయన టెనార్ శాక్స్‌ని మెత్తగా, గుండ్రంగా పలికిస్తాడు.

ముందు 1960 ఫిబ్రవరిలో రికార్డ్ చేసిన ఆయన ఆల్బమ్ ‘సోల్ స్టేషన్’ పెట్టండి. ఫోన్ స్పీకర్ వద్దు, పాల్ ఛాంబర్స్ వాయించే బాస్ సరిగా వినపడదు. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. మొదటి ట్రాక్ ‘రిమెంబర్’ని మూడుసార్లు వినండి. ఒకసారి వరస కోసం, ఒకసారి ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్ మీదే చెవి పెట్టి. మూడోసారి మాబ్లీ ఒక్కో పలుకు ఎక్కడ ఆపుతున్నాడో గమనించండి. ఆ ఖాళీలో బ్లేకీ జవాబిస్తాడు, అరుగు మీద ఇద్దరు పాత స్నేహితులు కబుర్లాడుకుంటున్నట్టు. ఇద్దరూ ‘జాజ్ మెసెంజర్స్’ బృందం తొలినాళ్ల నుంచి కలిసి వాయించినవాళ్లే మరి!

తర్వాత 1961 నాటి ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్’లో టైటిల్ ట్రాక్. అందులో మాబ్లీ తర్వాత మరో పేరున్న టెనార్ శాక్స్ కళాకారుడు జాన్ కోల్‌ట్రేన్ కూడా సోలో వాయిస్తాడు. ఆ పోలికతోనే చాలామంది మాబ్లీని తక్కువ చేశారు, అది అన్యాయం. మొదటిసారి కోల్‌ట్రేన్ రాకముందే ఆపేయండి. నచ్చితే మాబ్లీ ఆల్బమ్‌లే ‘రోల్ కాల్’, ‘వర్కౌట్’ వినండి. ఏది ముందైనా పర్వాలేదు.