పొట్టలోకి తొలి ద్వారం: సూదితోనా, కోతతోనా?

వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో గానీ, ఉత్తర తెలంగాణలోని మరే ఆస్పత్రిలో గానీ లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే పొట్ట శస్త్రచికిత్స) నేర్చుకుంటున్న యువ సర్జన్లు ముందుగా గ్రహించవలసింది, ఈ శస్త్రచికిత్సలోని తీవ్ర ప్రమాదాల్లో చాలా వరకు తొలి ట్రోకార్ (పరికరాలు లోపలికి పంపే గొట్టం) వేసేటప్పుడే జరుగుతాయని.

పద్ధతిని నిర్ణయించే ముందు పాత ఆపరేషన్ల మచ్చలను స్వయంగా పరిశీలించాలి. ములుగు, జనగామ పల్లెల నుంచి వచ్చే తల్లులు కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ను లెక్కలో వేసుకోకుండా "ఏ ఆపరేషన్ కాలే సారూ" అనవచ్చు కనుక, దాని గురించి ప్రత్యేకంగా అడగాలి.

మూసిన పద్ధతిలో, అంటే సూదితో ప్రవేశించేటప్పుడు, బల్లను సమతలంగా ఉంచి, వెరెస్ సూది (పొట్టలోకి గ్యాస్ పంపే స్ప్రింగు సూది) స్ప్రింగును పరీక్షించి, బొడ్డు దగ్గర చిన్న కోత పెట్టి సూదిని దించాలి. గ్యాస్ మొదలుపెట్టగానే పీడనం 8 మిల్లీమీటర్ల పాదరసం లోపు ఉండటమే సూది సరైన చోట ఉందనడానికి అన్నిటికన్నా నమ్మదగిన సూచన. పీడనం 20 నుంచి 25కు చేరాక ట్రోకార్ వేసి, తర్వాత 12–15కు తగ్గించాలి. రెండుసార్లు విఫలమైతే మూడోసారి అక్కడే ప్రయత్నించకండి. ఎడమ పక్కటెముకల అంచుకు 3 సెంటీమీటర్ల దిగువన ఉండే పామర్ బిందువునో, తెరిచిన పద్ధతినో ఆశ్రయించండి. ప్లీహం పెరిగినవారిలో పామర్ బిందువు తగదు.

వైద్యుడు హాసన్ 1971లో వివరించిన తెరిచిన పద్ధతిలో ఫేషియాను (పొట్ట గోడలోని గట్టి పొర), పెరిటోనియాన్ని (పొట్ట లోపలి పల్చని పొర) కంటితో చూస్తూ కోసి, లోపల కణజాలాలు అంటుకున్న అతుకులను వేలితో తడిమి, మొద్దు ట్రోకార్‌ను కుట్లతో బిగించాలి. బృహద్ధమని చర్మానికి దగ్గరగా ఉండే బాగా సన్నని రోగుల్లో నేను దీనినే ఎంచుకుంటాను. అయితే పేగు పొట్ట గోడకు అతుక్కుని ఉంటే ఈ పద్ధతిలోనూ తెగవచ్చు. కనుక ఏ దారిన ప్రవేశించినా కెమెరాను చుట్టూ తిప్పి, ద్వారం కింది భాగాన్ని తప్పక చూడాలి.