జీబ్రా చేపలో బీజకణాలకు పచ్చదీపం పెట్టడం

గుంటూరులో మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగేది ఇదే: "ఇన్ని కణాల్లో రేపు గుడ్డో వీర్యకణమో అయ్యేది ఏదో ఎలా తెలుస్తుంది సార్?"

వాసా అనే జన్యువు ప్రధానంగా బీజకణాల్లోనే, అంటే గుడ్డో వీర్యకణమో అయ్యే ఆ కణాల్లోనే, పనిచేస్తుంది. దాని ప్రమోటర్‌ని, అంటే ఎక్కడ ఎప్పుడు పనిచేయాలో చెప్పే ముందు భాగాన్ని, పచ్చగా మెరిసే ప్రోటీన్‌ను తయారుచేసే జీఎఫ్‌పీ జన్యువు ముందు అతికించండి. రెండు కొసలా టోల్‌2 ముక్కలుండాలి; మధ్యలో ఉన్నదాన్ని చేప డీఎన్‌ఏలోకి చేర్చడానికి పనికొచ్చే డీఎన్‌ఏ ముక్కలివి. ఆ చేర్చే పని చేసే ఎంజైమ్ ట్రాన్స్‌పోసేజ్; దాని ఆర్‌ఎన్‌ఏ కలిపి పిండం ఒకే కణంగా ఉన్నప్పుడే ఎక్కించేయాలి. గుడ్డు ఫలదీకరణ చెందాక చేతిలో ఉండేది 40 నిమిషాలే, కాబట్టి ఎక్కించే గాజు సూదులు ముందురోజే లాగి పెట్టుకోండి.

పిండాలను 28.5 డిగ్రీల దగ్గర ఉంచాలి. మే నెలలో ఒకసారి రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే నా పిండాలన్నీ ఉడికిన సగ్గుబియ్యంలా కాదు, సున్నం ముద్దల్లా తెల్లబడి ఉన్నాయి. ఇన్వర్టర్ లేకుండా మొదలుపెట్టకండి.

ఈ మొదటి తరం చేపలు అతుకులబొంతలే. కొన్ని కణాల్లో జన్యువు ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. మూడు నెలలు పెంచి మామూలు చేపలతో జత కట్టించి, పిల్లల్లో ఆ పచ్చ మెరుపు కోసం వెతకాలి.

అసలు తికమక ఇక్కడే. తల్లి వైపు నుంచి జన్యువు వస్తే, గుడ్డులో ఆమె దాచిన మెరుపే మొదట్లో పిండమంతా కనిపిస్తుంది. అది చూసే, పిండం సొంత వెలుగే అనుకుని, నేను ల్యాబ్ అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించా! పిండం సొంత వెలుగు ఎప్పుడు మొదలైందో చూడాలంటే జన్యువును మగచేప నుంచే తీసుకోండి.

బయోసేఫ్టీ కమిటీ అనుమతి ముందే ఉండాలి. తొట్టి నీళ్లు బ్లీచింగ్ వేయకుండా కాలువలోకి వదలొద్దు.