తెరచాప పడవ నమూనా అడుగు పగులుకు నిలిచిన అతుకు (నా అనుభవం)

విజయనగరం పెద్ద చెరువు గట్టు రాళ్లకు తగిలి, మా రిమోట్ తెరచాప పడవ అడుగున, కీల్ (పడవను నిటారుగా నిలిపే అడుగు రెక్క) దిగే గాడి పక్కనే, బెత్తెడు పగులు వచ్చింది. నీటిలో వదిలిన కాసేపటికే లోపలికి నీరు చేరి పడవ ఒక పక్కకు ఒరిగేది. తక్షణ జిగురు, పుట్టీ, టేపు, ఏదీ నిలవలేదు.

ముందుగా లోపల కనబడని చోట కొన్ని ప్లాస్టిక్‌లను కరిగించే అసిటోన్ అనే ద్రవాన్ని దూదితో అద్ది చూడగా ప్లాస్టిక్ మెత్తబడి వేలికి అంటింది. మా పడవ అసిటోన్‌కు కరిగే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌దే కాబట్టి అలాగే జరగాలి. పడవను పూర్తిగా ఆరనిచ్చి, పగులు రెండు కొసల్లోనూ 1.5 మి.మీ. బెజ్జాలు వేశాను. చాలామంది వదిలేసే పని ఇదే, కాని బెజ్జం లేకుంటే కీల్ ఊగినప్పుడల్లా పగులు ముందుకు పాకుతుంది. పిమ్మట పగులు వెంట బయటి వైపు కత్తి మొనతో 'వి' ఆకారంలో గాడి తీశాను. కిట్‌లో మిగిలిన అదే ప్లాస్టిక్ ముక్కలను తురిమి, మూత బిగించిన గాజు సీసాలో అసిటోన్‌లో రాత్రంతా నానబెడితే తేనెలా చిక్కబడింది. దానిని గాడిలో పలచని పొరలుగా, ప్రతి పొరా గట్టిపడ్డాకే తర్వాతిది పూశాను, ఎందుకంటే ఒకేసారి దట్టంగా పోస్తే పలచని గోడ మెత్తబడి వంకర పోతుంది. అసిటోన్ వాసన పూర్తిగా పోయాక, లోపలి వైపు గరుకు కాగితంతో రుద్ది, గాజు బట్ట (ఫైబర్‌గ్లాస్) పట్టీని ఎపాక్సీ జిగురుతో అతికించాను. అసలు బలం ఆ పట్టీదేనని నా అభిప్రాయం.

అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పొయ్యి దగ్గర వద్దు. పాలిథీన్, పాలీప్రొపిలీన్ అడుగులు దానికి కరగవు కనుక వాటికి ఈ పద్ధతి పనికిరాదు. కీల్ గాడే చీలిన పడవకు ఇది ఆగుతుందని మాత్రం చెప్పలేను.