తక్కువ ఖర్చులో సింగిల్ షాట్ పాయింట్ 22 రైఫిల్ ఎంచుకోవడం ఎలా

సింగిల్ షాట్ రైఫిల్‌కి మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) ఉండదు. బోల్ట్ తెరిచి, ఒక తూటా వేళ్ళతో పెట్టి, మూసి, గురి చూసి కాల్చాలి. ఖాళీ తొడుగు తీసి మళ్ళీ మొదలుపెట్టాలి. 50 తూటాల పెట్టె అయిపోయేసరికి ఇంచుమించు గంట గడిచిపోతుంది. తీరిగ్గా కాల్చుకునేవారికి కావలసింది ఇదే. అందుకే ఇలాంటి రైఫిల్ కొనేటప్పుడు బ్యారెల్ కంటే, స్కోప్ కంటే ముందు తూటా పెట్టే చోటు చూడండి. గంటలో యాభైసార్లు మీ వేళ్ళు వెళ్ళేది అక్కడికే. అది ఇరుకైతే మిగతావన్నీ ఎంత బాగున్నా రెండో పెట్టె తెరవబుద్ధి కాదు.

లైసెన్సు, కాల్చే స్థలం గురించి మీరున్న చోటి చట్టం ఏం చెబుతుందో బేరానికి ముందే కనుక్కోండి. పాత రైఫిల్ అయితే సీరియల్ నంబరు ఉందో లేదో చూడండి. 1968కి ముందు అమెరికాలో తయారైన చవక పాయింట్ 22ల (0.22 అంగుళాల గొట్టమున్న రైఫిళ్ళ) మీద చాలావాటికి నంబరే ఉండదు. కాగితాల దగ్గర అది చిక్కు తెస్తుంది.

ఏ తూటాకి?

రిమ్‌ఫైర్ తూటాలో మందు అంటించే రసాయనం తొడుగు అడుగున ఉన్న అంచులో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నొక్కితే తూటా పేలుతుంది. ఈ రకంలో మీకు కావలసింది పాయింట్ 22 లాంగ్ రైఫిల్. 1887 నుంచి ఉన్న తూటా ఇది. చవక, భుజానికి తన్ను దాదాపు ఉండదు, రకాలు బోలెడు. 1959లో వచ్చిన పాయింట్ 22 మాగ్నమ్, 2002లో వచ్చిన పాయింట్ 17 హెచ్‌ఎంఆర్ మంచివే గానీ ఖర్చూ చప్పుడూ ఎక్కువ. కాగితం మీద చిల్లులు పెట్టడానికి అంత అవసరం లేదు.

బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు స్వయంగా చదవండి, అమ్మేవారి మాట మీద వదిలేయకండి. మాగ్నమ్ చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో) లాంగ్ రైఫిల్ తూటా వదులుగా కూర్చుంటుంది. కాలిస్తే తొడుగు చీలి, వేడి వాయువు ముఖం వైపు రావచ్చు. లాంగ్ రైఫిల్ చాంబర్‌లో పొట్టి పాయింట్ 22 షార్ట్ కాల్చడం వల్ల ప్రమాదం లేదు. కాకపోతే తొడుగు ఆగినచోట మసి గట్టిగా పేరుకుంటుంది, తర్వాత పొడవు తూటా లోపలికి పోనని మొరాయిస్తుంది. కంచు బ్రష్షూ సాల్వెంటూ వాడితే పోతుంది.

బోల్టా, మడతా?

ఎక్కువగా దొరికేది బోల్ట్ యాక్షన్, కొత్తవారికి హాయిగా ఉండేదీ అదే. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదానిలో బోల్ట్ తిప్పితే స్ప్రింగ్ దానంతటదే ఎక్కుతుంది. సావేజ్ రాస్కల్, సావేజ్ మార్క్ వన్ ఇలాంటివి. రెండోదానిలో బోల్ట్ మూసిన తర్వాత వెనక ఉన్న గుండీని వేళ్ళతో లాగితేనే రైఫిల్ కాల్పుకు సిద్ధమవుతుంది. హెన్రీ మినీ బోల్ట్, క్రికెట్, పాతవాటిలో వించెస్టర్ మోడల్ 67 ఈ బాపతు. పిల్లలకు నేర్పడానికి రెండోదే మేలంటారు, కాదనలేం. కానీ దానికో మెలిక ఉంది. లాగిన గుండీని తూటా ఉండగానే మెల్లగా వెనక్కి దింపబోతే, వేలు జారితే చాలు, తూటా పేలిపోతుంది. కాల్చడం మానుకుంటే గుండీ జోలికి పోకుండా బోల్ట్ తెరిచి తూటా బయటికి తీసేయండి.

మధ్యకు మడిచే రకం (చియాప్పా లిటిల్ బ్యాడ్జర్ వంటివి) తేలిగ్గా ఉంటుంది, సంచిలో పడుతుంది. బల్ల మీద ఆనించి కాల్చేటప్పుడు మాత్రం ప్రతిసారీ రైఫిల్‌ను ఎత్తి మడవాలి, గురి చెదురుతుంది. అదృష్టం బాగుండి పాత బీఎస్‌ఏ మార్టినీ సరసమైన ధరకు దొరికితే వదలకండి. కింద మీట లాగితే తలుపు దిగుతుంది, తూటా బొటనవేలితో జారుతుంది. పోటీల కోసం చేసినది కాబట్టి బరువు మాత్రం బరువే.

మ్యాగజైన్ ఉన్న బోల్ట్ రైఫిల్‌లోనే మ్యాగజైన్ స్థానంలో పెట్టే సింగిల్ షాట్ అడాప్టర్ కొన్నిటికి దొరుకుతుంది. సీజెడ్ 452, 455 అలాంటివి. అసలు సింగిల్ షాట్ దొరకని చోట ఇది మంచి దారి.

వేళ్ళ పరీక్ష

పది డమ్మీ తూటాలు (మందు లేని నకిలీవి) తీసుకెళ్ళండి. రైఫిల్ ఖాళీగా ఉందని కళ్ళతో చూసి, చిటికెన వేలితో చాంబర్ తడిమి నిర్ధారించుకున్నాక, బల్ల మీద ఆనించి, కొనబోయే స్కోప్ బిగించే ఉంచి, పదీ వరుసగా పెట్టి తీయండి. తూటాను బోల్ట్ ముందున్న గాడిలో పడేస్తే ముక్కు చాంబర్ వైపే నిలవాలి. పక్కకు దొర్లి కింద చిక్కుకున్నా, ముక్కు చాంబర్ అంచుకు గీసుకుని సీసం చెక్కినా ఆ రైఫిల్ మీకు కాదు. స్కోప్ గొట్టం తూటా పెట్టే చోటు మీద మరీ కిందికి ఉండడం వల్లే వేళ్ళు ఇరుక్కుంటున్నాయేమో కూడా చూడండి. అలాగైతే స్కోప్‌ను పట్టి ఉంచే రింగులు ఎత్తువి వేస్తే సరిపోతుంది. పిల్లల సైజు రైఫిళ్ళలో ఈ ఖాళీ చిన్నది. లావు వేళ్ళవారు కొనేముందే తెలుసుకోవడం మంచిది.

ఖాళీ తొడుగు ఎగిరి పడాల్సిన పని లేదు. గోటితో లాగేంత బయటికి వస్తే చాలు.

కొలతలు, ట్రిగ్గర్

స్టాక్ (భుజానికి ఆనించే భాగం) వెనక అంచు నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న దూరం పెద్దవారికి 33 నుంచి 35 సెంటీమీటర్లు సరిపోతుంది. రాస్కల్, హెన్రీ మినీ బోల్ట్ వంటి పిల్లల రైఫిళ్ళలో ఇది 29 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. చవకగా వచ్చిందని పెద్దవారు వాటిని కొంటే మెడ వంచి, మోచేయి ముడిచి కాల్చాల్సి వస్తుంది. అరగంటకే భుజం పట్టేస్తుంది.

బరువు స్కోప్ లేకుండా రెండు కిలోల పైన, మూడు కిలోల లోపు ఉంటే బాగుంటుంది. చేతితో మోసుకు తిరగడానికి తేలికది బాగుంటుంది గానీ గురి దగ్గర తేలిక రైఫిల్ ఊగుతుంది. ట్రిగ్గర్ సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. రాస్కల్ బరువు 1.2 కిలోలు. రైఫిల్ తూగేదాని కంటే ట్రిగ్గర్ లాగడానికి పట్టే బలం ఎక్కువైతే వేలు నొక్కిన ప్రతిసారీ గొట్టం మూతి కదులుతుంది. చవక రైఫిల్ గుండు ఎక్కడికో పోతోందని తిట్టేవారిలో చాలామంది తిట్టాల్సింది ట్రిగ్గర్‌నే.

సామాను తూచే కొక్కెం కాటా ట్రిగ్గర్ మధ్యకు తగిలించి, డమ్మీ పెట్టిన రైఫిల్‌లో ఐదుసార్లు లాగి సగటు తీయండి. కిలో నుంచి కిలోన్నర బాగుంటుంది. రెండు వరకు సర్దుకోవచ్చు. రెండున్నర దాటితే సర్దుబాటు చేసుకునే స్క్రూ ఉందో లేదో అడగండి. ఐదు కొలతలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండడం సగటు కంటే ముఖ్యం. తర్వాత, అసలు తూటా లేకుండానే, స్ప్రింగ్ ఎక్కించి బోల్ట్‌ను గట్టిగా మూయండి, స్టాక్‌ను అరచేత్తో నాలుగు దెబ్బలు చరచండి. పిన్ దానంతటదే పడితే ఆ రైఫిల్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

వాడినది కొంటే

బోల్ట్ తీసి వెనక వైపు నుంచి వెలుతురులో బ్యారెల్ చూడండి. లోపల ఒకచోట నల్లటి ఉంగరంలా నీడ కనిపిస్తే అది ఉబ్బు. ఎప్పుడో ఒక గుండు ఇరుక్కుపోతే దాని వెనకే ఇంకొకటి కాల్చారన్నమాట. పక్కన పెట్టేయండి. సన్నటి తుప్పు గుంటలు కొద్దిగా ఉన్నా రైఫిల్ బాగానే కాల్చవచ్చు. మూతి దగ్గర అంచు చితికి ఉంటే మాత్రం గుండు వంకరగా వెళ్తుంది. 1920ల చివరి దాకా తూటాల రసాయనం బ్యారెల్‌ను తినేసేది. అంతకంటే పాత రైఫిళ్ళను అనుమానంతోనే చూడాలి.

చాంబర్ అంచు మీద, పిన్ తగిలే చోట చిన్న సొట్ట ఉందేమో గోటితో తడమండి. ఖాళీగా క్లిక్కుమనిపించే అలవాటున్నవారి చేతిలో పెరిగిన రైఫిల్‌కు ఇది ఉంటుంది. సొట్ట లోహాన్ని చాంబర్‌లోకి నెడుతుంది, తూటా పెట్టడమూ తీయడమూ కష్టమవుతుంది. దానికి చాంబర్ ఐరన్ అనే పనిముట్టు ఉంది, తుపాకుల మెకానిక్‌కు ఐదు నిమిషాల పని. ధర తగ్గించమనడానికి మంచి సాకు కూడా. ఇకమీదట సొట్ట పడకుండా డమ్మీ వాడండి. గోడకు స్క్రూలు బిగించే పసుపు ప్లాస్టిక్ ప్లగ్గులు, 4-6 సైజువి, ఈ పనికి భేషుగ్గా సరిపోతాయి.

తూటా తీసే కొక్కెం పదును, స్టాక్ సన్నబడే చోట పగుళ్ళు, సేఫ్టీ పనితీరు చూడండి. ఇవి చూడడానికి నిమిషం చాలు.

గురి సాధనాలు

ఇనుప గురి (ముందు పుల్ల, వెనక గాడి) 25 మీటర్లకు చాలు. వెనక చిన్న రంధ్రం ఉన్న పీప్ సైట్ అయితే 50 మీటర్లకూ హాయి. స్కోప్ పెట్టాలంటే రైఫిల్ పైన 11 మిల్లీమీటర్ల గాడులున్నాయో లేదో చూసుకోండి. లేకపోతే రంధ్రాలు చేయించే ఖర్చు కలుస్తుంది. నాలుగు రెట్లు చూపించే సాదా స్కోప్ చాలు, కానీ రిమ్‌ఫైర్ కోసం చేసినదే కొనండి. వాటిలో పారలాక్స్ సాధారణంగా 50 గజాలకు సరిచేసి ఉంటుంది. పెద్ద తుపాకులవి 100 గజాలకు ఉంటాయి, దగ్గర లక్ష్యం మీద కన్ను కదిపితే గుర్తు కదులుతుంది.

గురి 50 మీటర్లకు కుదర్చండి. పావు ఎంఓఏ స్కోప్‌లో (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) మర ఒక క్లిక్కు తిప్పితే గురి ఆ దూరంలో 3.6 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే మూడు సెంటీమీటర్లు జరపాలంటే ఎనిమిది క్లిక్కులు. అలా కుదిర్చాక 100 మీటర్ల దగ్గర గుండు సుమారు జానెడు కిందికి దిగుతుంది. రైఫిల్ తప్పు కాదది.

తూటాల దగ్గర పొదుపు వద్దు

బడ్జెట్‌లో మూడో వంతు తూటాలకు ఉంచుకోండి. ఒకే మోడల్‌కు చెందిన రెండు రైఫిళ్ళు కూడా వేర్వేరు తూటాలను ఇష్టపడతాయి. సీసీఐ స్టాండర్డ్, ఎస్కే స్టాండర్డ్ ప్లస్, ఎలీ క్లబ్ వంటివి నాలుగైదు రకాలు ఒక్కో పెట్టె తెచ్చుకోండి. రకం మార్చినప్పుడల్లా మొదటి పది తూటాలు లెక్కలోకి తీసుకోకండి. గుండ్లకు పూసిన పాత మైనం పోయి కొత్తది బ్యారెల్‌కు పట్టాలి. తర్వాత ఒకే గురితో ఐదేసి గుండ్ల గుంపులు ఐదు, 50 మీటర్లలో, ఆనించి కాల్చండి. చిన్న గుంపును చూసి మురిసిపోవద్దు, ఐదింటి సగటు చూడండి. చవక రైఫిల్ మూడు సెంటీమీటర్ల సగటు ఇస్తే ఫిర్యాదు చేయడానికేం లేదు.

సెకనుకు 325 మీటర్ల దరిదాపుల్లో వెళ్ళే స్టాండర్డ్ వెలాసిటీ రకం ధ్వని వేగం లోపే ఉంటుంది కాబట్టి ఛెళ్ళుమనే చప్పుడు ఉండదు. అయినా చెవులకు రక్షణ, కళ్ళకు అద్దాలు తప్పవు. లక్ష్యం వెనక మెత్తటి మట్టికట్ట ఉండాలి. రాయి, నీళ్ళు, గట్టి నేల మీద ఈ చిన్న గుండు ఎగిరి ఎటో పోతుంది. అడ్డు లేకపోతే రెండు కిలోమీటర్ల దాకా వెళ్ళగలదు. కాల్చాక చేతులు కడగకుండా ఏమీ తినకండి, సీసం అంటుకుని ఉంటుంది.

పేలకపోతే

క్లిక్కుమని పేలకపోతే మూతి లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, అప్పుడు తెరవండి. అంచు మీద పిన్ గుర్తు చూడండి. గుర్తు లోతుగా ఉంటే, తూటాను సగం తిప్పి మళ్ళీ పెట్టి చూడండి. పేలితే ఆ తూటా అంచులో మందు సమంగా పట్టలేదని అర్థం. గుర్తు అన్నిటి మీదా పైపైనే పడుతుంటే బోల్ట్ లోపల గడ్డకట్టిన పాత నూనె కడగాలి, లేదా స్ప్రింగ్ మార్చాలి. చప్పుడు వింతగా, టప్పుమని నీరసంగా వస్తే అక్కడితో ఆపండి. బ్యారెల్‌లో గుండు లేదని చూసుకోనిదే రెండోది పెట్టొద్దు.

పోటీ రైఫిల్ కొన్నవారికి తూటా చివరి కొన్ని మిల్లీమీటర్లు నొక్కితేనే లోపలికి పోతుంది. చాంబర్ బిగువు వల్ల అంతే, మురికి కాదు. కాల్చకుండా వెనక్కి లాగితే గుండు లోపలే ఉండిపోయి, మందు పొడి ట్రిగ్గర్ మీద చల్లుకుంటుంది. అలాంటిదాన్ని లోపల పెట్టాక కాల్చేయడమే మంచిది.

శుభ్రం చేయడం అతిగా వద్దు. మూతి వైపు నుంచి రాడ్ తోస్తే అంచు అరుగుతుంది. వెనక నుంచి తాడుతో లాగే గుడ్డ రెండు మూడు వందల తూటాలకోసారి చాలు. చాంబర్‌ను మాత్రం ప్రతిసారీ తుడవండి.