పాత జీపు కొనేముందు చాసిస్ నంబర్ ఇలా చూస్కోండి

పాత జీపులు బేరం చేసేటప్పుడు అసలు తలనొప్పి చాసిస్ నంబర్ ఉండే ఆ అల్యూమినియం ప్లేటుతోనే, దాన్ని చూపించి ఒరిజినల్ బండి అనేస్తారు, అలాంటి ప్లేటు మన హైదరాబాద్‌లో ఎవరైనా కొట్టించి బిగించేస్కోవచ్చు. అందుకే ప్లేటు వదిలేసి ఫ్రేమ్ మీద, అంటే బండి కింది ఇనుప చట్రం మీద పంచ్ చేసిన నంబర్ చూడండి. గుడ్డ ముక్కకి రెండు చెంచాల కిరోసిన్ అద్ది గ్రీజు, మట్టి తుడిచేసి, ఆరాక పల్చటి బటర్ పేపర్ పెట్టి కదలకుండా టేపేసి, 4బీ పెన్సిల్ పడుకోబెట్టి మెల్లగా రుద్దండి, ఆర్టీవోలో పెన్సిల్ ప్రింట్ తీస్తారే, అదే. ఆర్‌సీతో ఒక్కో అక్షరం పోల్చండి. కంటికి కనపడని తేడాలు కాయితం మీద తెలుస్తాయి: ఒక 3 లోతుగా, పక్కది తేలిగ్గా, లేదా వెనక గ్రైండర్ గీతలు. తర్వాత చుట్టూ చిన్న మాగ్నెట్ తిప్పండి, జారిపోతే కింద పుట్టీ ఉన్నట్టే. ప్లేటుకి నడుమ బొక్క ఉన్న పాప్ రివెట్లుంటే అదీ అనుమానమే. ఓనర్ రుద్దనివ్వకపోతే నేనైతే ఛాయ్ తాగి వచ్చేస్తా.

తుప్పు బాగా తినేసిన ఫ్రేమ్ మీద మాత్రం ఈ ప్రింట్ సరిగ్గా రాదు, దాన్ని పట్టుకుని దొంగబండి అనేయకండి. ఆర్టీవో పర్మిషన్‌తో మళ్లీ పంచ్ చేసినవి కూడా ఉంటాయి, ఆ కాయితం అడగండి.