ముసురు రోజుల్లో కొమ్మలు నాటారా? నీళ్ల మగ్గు పక్కన పెట్టండి

మొన్నటి ముసురు తెరిపిచ్చాక నెల్లూరులో మా వీధంతా ఒకటే గోల, నాటిన కొమ్మలు నల్లబడి పోయాయని. మందారం, క్రోటన్, మనీప్లాంట్ అన్నీ అడుగు నుంచే కుళ్లాయి. మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మళ్లీ అల్పపీడనం అంటున్నారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా.

కణుపు కింద ఏటవాలుగా కోయడం, నీడన పెట్టడం అందరికీ తెలిసినవే. కొమ్మల్ని చంపేది వేరే ఉంది: ఆకు వాలగానే నీళ్లు పోయడం.

వేళ్లు లేని కొమ్మ మట్టిలోని నీళ్లను సరిగా తాగలేదు. ఆకుల్లోంచి తేమ మాత్రం పోతూనే ఉంటుంది, అందుకే వాలుతుంది. మీరు పోసే నీళ్లు మట్టిలోని గాలిని బయటికి తోసేస్తాయి. గాలాడని చోట వేరు రాదు, కుళ్లు వస్తుంది. కుళ్లిన కొమ్మ ఇంకా వాలుతుంది. మనం ఇంకో మగ్గు పోస్తాం.

మనీప్లాంట్ సీసా నీళ్లలోనే బతుకుతోంది కదా అని ఒకావిడ వాదించారు. సీసాలో నీళ్లు మారుస్తుంటాం, గాలి అందుతుంది. బురదలో అందదు.

ఆకు వాలితే పెద్ద ఆకుల్ని సగానికి కత్తిరించండి. ఎండ కాసే రోజుల్లో పైన పల్చటి కవరు కప్పండి. ముసురులో కవరు తీసేయండి, బూజు పడుతుంది.

ఒట్టి నల్లరేగడి వద్దు. మట్టిలో సగం ఇసుక కలపండి. మైపాడు బీచ్ నుంచి ఇసుక తెచ్చేవాళ్లున్నారు. అందులో ఉప్పుంటుంది, తేకండి. ఉప్పు బోరు నీళ్లకన్నా పట్టిపెట్టిన వాన నీళ్లు నయం.

కుండీ కింద పళ్లెం తీసేయండి. చిల్లు పూడిందేమో చూడండి. చూరు ధార పడేచోట పెట్టకండి. యూరియా వద్దు, పేడ వద్దు. ఎడీనియం (ఎడారి గులాబీ) కొమ్మ కోసిన రోజే నాటకండి, గాయం ఆరాలి. వేరొచ్చిందా అని పీకి చూడకండి. చిగురేసిందని ఎండలో పెట్టకండి, ఆ చిగురు వేరు రాకపోయినా కొమ్మలో దాచుకున్న తిండితోనూ వస్తుంది. వేలు పెట్టి చూడండి, తడి తగిలితే పోయకండి. ఆకు వాలినా పోయకండి. పక్కింటివాళ్లు చెప్పినా పోయకండి. అడుగు మెత్తబడితే గట్టిగా, పచ్చగా ఉన్నచోటికి కోసి కొత్త ఇసుకలో పెట్టండి. కత్తి స్పిరిట్‌తో తుడవండి. ఆ పాత మట్టిలో మళ్లీ గుచ్చకండి.